నాయన పాదాల మంట తగ్గింది, తూలు మొదలైంది: ప్రెగాబాలిన్ కొనసాగించాలా, ఆపాలా?

తుంగభద్ర_తీరం
మా నాయనకు 68 ఏళ్లు. షుగర్ వచ్చి చాలా కాలమైంది. ఈమధ్య రాత్రిళ్లు అరికాళ్లు విపరీతంగా మండుతున్నాయి. పగలంతా పనిలో పడి మరిచిపోతారు, పడుకోగానే మొదలవుతుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. తడిగుడ్డ చుట్టుకుని, ఫ్యాను కింద కాళ్లు చాపుకుని తెల్లవారేదాకా కూర్చునేవారు. ఇక్కడ కర్నూలులోనే ఒక నరాల డాక్టరుకు చూపిస్తే ప్రెగాబాలిన్ 75, మిథైల్‌కోబాలమిన్ కలిసిన గొట్టం మాత్ర రాత్రికి ఒకటి రాశారు. సగమే తగ్గిందని చెబితే పొద్దున కూడా ఒకటి వేయమన్నారు.

మంట నిజంగానే తగ్గింది, కాదనను. కానీ ఇప్పుడు లేచి నిలబడితే తూలుతున్నారు. వార్తలు చూస్తూ కుర్చీలోనే నిద్రలోకి జారిపోతారు. చీలమండల దగ్గర వాపు వచ్చి చెప్పుల పట్టీ అచ్చు పడుతోంది. పంచె నడుము దగ్గర బిగుతయింది. మొన్న పెరట్లో బోరు దగ్గర పడబోయి గోడ పట్టుకున్నారు.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. "మంటతో బతుకుతాను గానీ మత్తుతో బతకలేను" అని నాయన. "ఇన్నాళ్లకు ఆయన పడుకున్నారు, నేనూ పడుకున్నాను, ఆపితే ఊరుకోను" అని అమ్మ. డాక్టరును అడిగితే "అలవాటవుతుంది" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంటును పిలిచారు. వాడినవాళ్లు చెప్పండి, ఈ మత్తు నిజంగా తగ్గుతుందా?

ఆకుపసరు
వెంటనే ఆపేయండి. నరాల మందులన్నీ మత్తుమందులే. అలవాటు చేసి వదులుతారు.

మెడికల్‌షాపు_ప్రొద్దుటూరు
పైన చెప్పినట్టు చేయకండి. ప్రెగాబాలిన్ రోజూ వాడుతూ ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, చెమటలు, వికారం, ఆందోళన, తలనొప్పి వస్తాయి. మూర్ఛ ఉన్నవారికైతే ఫిట్స్ తిరగబెట్టవచ్చు. తగ్గించాలంటే డాక్టరు చెప్పిన లెక్కలో, కనీసం ఒక వారం పట్టేలా మెల్లగా తగ్గించాలి. మా కౌంటరు దగ్గరికి వచ్చి "అన్నా, రెండు రోజులుగా మాత్ర వేయలేదు, ఒళ్లంతా ఏదోలా ఉంది" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

తుంగభద్ర గారూ, రెండు సంగతులు చెప్పండి. కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చివరిసారి ఎప్పుడు చేయించారు? షుగరుకు ఏమేం మాత్రలు వాడుతున్నారు? పేర్లన్నీ రాయండి.

ఉగ్గాని_బజ్జి
మా మామ ఇదే మందు వేసుకుని పెళ్లి పందిట్లో తాళి కట్టే సమయానికి గురక పెట్టారు. మేళగాళ్లు వాయించారు, అక్షింతలు పడ్డాయి, ఆయన కదల్లేదు. పెళ్లికూతురు ఆయన సొంత మనవరాలు.

గుంతకల్_జంక్షన్
నవ్వు వస్తుంది కానీ మందు తాలూకు మత్తు అలాగే ఉంటుంది. నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. నాకూ షుగరు నరాల మంటే. మొదట గాబాపెంటిన్ 300 ఇచ్చారు, తర్వాత ప్రెగాబాలిన్‌కు మార్చారు. మొదట్లో తల బరువుగా, అడుగు ఎక్కడ పడుతుందో తెలియనట్టు ఉండేది. కొన్ని వారాలకు ఆ మబ్బు చాలావరకు విడిపోయింది. అంటే "అలవాటవుతుంది" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. నా వరకు వాపు, బరువు మాత్రం తగ్గలేదు. చివరికి డ్యులోక్సెటిన్‌కు మార్చారు. దానికి మొదట్లో వికారం, చెమటలు, ఇప్పుడు ఫరవాలేదు. మంట? పోలేదు, ఉంది. నిద్ర చెడగొట్టేంత లేదు, అంతే.

ఆకుపసరు
చూశారా, మూడు మందులు మార్చారు, మంట పోలేదని ఆయనే చెబుతున్నారు. నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి అరికాళ్లకు మర్దన చేయండి. మా ఊళ్లో అందరూ అదే చేస్తారు.

ఎండీ_చదువుతున్నాను
నూనె మర్దనతో పెద్దగా నష్టం లేదు, నూనె చల్లారాక రాస్తే. షుగరుతో స్పర్శ తగ్గిన పాదానికి వేడి తెలియదు. కాచిన నూనె రాసుకుని బొబ్బలతో వార్డుకు వచ్చినవాళ్లను చూశాను. వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టేవాళ్లు కూడా ఇలాగే వస్తారు.

అసలు సంగతికి వస్తాను, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి. నేను జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను, మీ నాయన డాక్టరును కాను. కాబట్టి ఇది మీరు అడగాల్సిన ప్రశ్నల కోసం.

దెబ్బ తగిలితే వచ్చే నొప్పి వేరు, నరమే చెడి వచ్చే నొప్పి వేరు. రెండో దానిలో కాలికి ఏమీ కాకపోయినా నరం తప్పుడు సంకేతాలు పంపుతూ ఉంటుంది. అందుకే మంట, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు, చీమలు పాకినట్టు అనిపిస్తుంది. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి దీనికి పెద్దగా పనిచేయవు, పైగా డైక్లోఫెనాక్ షుగరు రోగి కిడ్నీకి చేటు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ నరాల చివర్లలో కాల్షియం లోపలికి వెళ్లే ద్వారాలకు అంటుకుని ఆ సంకేతాల జోరు తగ్గిస్తాయి. అదే పని మెదడులోనూ చేస్తాయి కాబట్టి మత్తు, తూలు. రెండూ ఒకే చర్య ఫలితాలు, ఒకటి కావాలి ఇంకొకటి వద్దు అంటే కుదరదు. ఆ రెంటి మధ్య సరిపోయే మోతాదు వెతుక్కోవాలి.

ఇవి నరాన్ని బాగుచేయవు. ఈ ఒక్క మాట మొదటి రోజే చెబితే సగం గొడవలుండవు.

తుంగభద్ర_తీరం
@మెడికల్‌షాపు_ప్రొద్దుటూరు అన్నా, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్ మూడూ కలిసిన మాత్ర. బీపీకి ఆమ్లోడిపిన్. క్రియాటినిన్ పోయిన సంక్రాంతి ముందు చేయించాం, అప్పుడు 1.4 ఉంది. "కొంచెం ఎక్కువ, నీళ్లు బాగా తాగండి" అన్నారు.

@ఎండీ_చదువుతున్నాను నరాన్ని బాగుచేయదా? మేము ఆ మిథైల్‌కోబాలమిన్ నరాలకు బలం అనుకుంటున్నాం. డబ్బా మీద అలాగే ఉంటుంది కదా.

మెడికల్‌షాపు_ప్రొద్దుటూరు
అదీ సంగతి. వాపుకు కారణం ఒకటి కాదు, మూడు కనిపిస్తున్నాయి. పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలుపుతుంది, బరువు పెంచుతుంది. ఆమ్లోడిపిన్‌తో చీలమండల వాపు చాలామందికి వస్తుంది. దాని మీద ప్రెగాబాలిన్. పయోగ్లిటజోన్, ప్రెగాబాలిన్ కలిస్తే వాపు ఎక్కువవుతుందని మందుతోపాటు వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. గుండె బలహీనంగా ఉన్నవారికి ఇది ఇంకా ప్రమాదం. మన దేశంలో 2013లో పయోగ్లిటజోన్‌ను కొద్దికాలం నిలిపివేసి, హెచ్చరికతో మళ్లీ అనుమతించారు, అది మూత్రాశయ క్యాన్సర్ భయంతో.

షుగరు డాక్టరు ఒకరు, నరాల డాక్టరు ఒకరు, బీపీ మాత్ర పాత చీటీ మీద. ముగ్గురి మందులనూ ఒక్కరైనా ఒక్కచోట చూశారా?

తుంగభద్ర_తీరం
లేదు. మూడు చీటీలూ మూడు ప్లాస్టిక్ కవర్లలో ఉంటాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ కవరే తీసుకెళ్తాం.

ఉగ్గాని_బజ్జి
మా ఇంట్లో ఎల్‌ఐసీ కవరు, మందుల కవరు, రేషన్ కార్డు కవరు ఒకే రంగు. అమ్మ ఒకసారి డాక్టరు ముందు ఎల్‌ఐసీ కాగితాలు పరిచింది. ఆయన చూసి "ఇంత జబ్బు లేదమ్మా" అన్నారు.

ఎండీ_చదువుతున్నాను
కిడ్నీ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ లివర్లో దాదాపు మారవు, ఉన్నది ఉన్నట్టు మూత్రంలో పోతాయి. కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. 68 ఏళ్ల మనిషికి 1.4 అంటే "కొంచెం ఎక్కువ" అని తేల్చేయకూడదు. వయసు, బరువు కలిపి, కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం వడపోస్తోందో లెక్క కట్టాలి. ఆ లెక్క 60 కంటే తక్కువ వస్తే మామూలు మోతాదులో దాదాపు సగమే ఇస్తారు, 30 లోపైతే ఇంకా తక్కువ. అంటే ఆయన రోజుకు వేసుకుంటున్న 150 ఆయన ఒంటికి 300తో సమానం అయ్యుండవచ్చు. మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా కిడ్నీ లెక్క చూసే నిర్ణయిస్తారు.

మిథైల్‌కోబాలమిన్ అంటే బి12. బి12 తక్కువైతే నరాలు నిజంగానే దెబ్బతింటాయి, అప్పుడది మందే. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గుతుంది, శాకాహారులైతే మరీ. రక్తపరీక్షతో తెలుస్తుంది. బి12 సరిగ్గా ఉన్నవారికి ఆ గొట్టం మాత్రలో ఉన్న కొసరు వల్ల పెద్ద లాభం ఆశించకండి.

షుగరు అదుపు చేస్తే ఉన్న మంట తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. ఇకముందు నరాలు చెడడం నెమ్మదిస్తుంది. పోయినవి తిరిగి రావడం కష్టం.

నల్లమల_కాలిబాట
ఒక మాట చెప్పాలి. మాది ఆత్మకూరు వైపు. ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలానికి కాలినడకన మా దారినే వెళ్తారు, దారిపొడవునా మజ్జిగ ఇస్తాం, కాళ్లకు మందు రాస్తాం. ఒక పెద్దాయన చెప్పులు లేకుండా మిట్టమధ్యాహ్నం తారు మీద నడుస్తున్నారు, ముఖంలో బాధ కనిపించలేదు. కూర్చోబెట్టి చూస్తే అరికాలి చర్మం చేతివెడల్పు ఊడిపోయి ఉంది. ఆయనకు తెలియదు. షుగరు ఎన్నేళ్లుగానో ఉందట. "మీకు మంట లేదా" అంటే "ముందు ఉండేది, ఇప్పుడు లేదు, దేవుడి దయ" అన్నారు.

మంట తగ్గడం మందు వల్లనా, నరం చచ్చిపోయినందువల్లనా అని చూసుకోవాలి.

ఎండీ_చదువుతున్నాను
@నల్లమల_కాలిబాట నేను రాయాలనుకున్నది మీరు రాశారు. మందు వేసుకుని హాయిగా ఉందని పాదాలు చూసుకోవడం మానేస్తారు. రాత్రి పడుకునేముందు అద్దం పెట్టుకుని అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. డాక్టరు దగ్గర పది గ్రాముల నైలాన్ పోగుతో అరికాలిపై నొక్కి చూసే పరీక్ష ఉంది, నిమిషం పని. అడిగి చేయించుకోండి. అలాగే చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే షుగరు మీదకు తోసేయకండి. కుష్ఠు మన దగ్గర ఇంకా ఉంది, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

తాడిపత్రి_బండలు
నాది షుగరు కాదు. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎత్తి ఎత్తి నడుము పోయింది. పిరుదు నుంచి మడమ దాకా ఎడమ కాలు లాగుతుంది. డిస్కు జారి నరాన్ని నొక్కుతోందట. ప్రెగాబాలిన్, నార్‌ట్రిప్టిలిన్ కలిసినది ఇచ్చారు. ఒక్క అణా తగ్గలేదు. నోరు ఎండుతుంది, మలబద్ధకం. మేస్త్రీ "నిద్రమొహం" అంటున్నాడు. బండ కోసే యంత్రం ముందు నిలబడాలి నేను, మత్తుగా ఉంటే చెయ్యి పోతుంది. దీనికి ఎవరైనా సమాధానం చెప్పండి.

ఎండీ_చదువుతున్నాను
మీ అనుభవం వింతేమీ కాదు. మీలా నడుము దగ్గర నరం నొక్కుకుని కాలు లాగడాన్ని సయాటికా అంటారు. ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగుల మీద ప్రెగాబాలిన్‌ను మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. కాలి నొప్పి తగ్గడంలో తేడా లేదు. తల తిరగడం లాంటి ఇబ్బందులు మాత్రం మందు వేసుకున్నవారికి ఎక్కువ. షుగరు నరాల మంటకు పనిచేసింది కాబట్టి నడుము నరానికీ పనిచేస్తుందని రాసేస్తుంటారు. చాలామందికి సయాటికా వారాల్లో, నెలల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. మీరు మందు ఇచ్చిన డాక్టరుతోనే "తేడా లేదు, తగ్గించుకుంటూ ఆపవచ్చా" అని అడగండి. యంత్రం ముందు పని అన్న సంగతి తప్పకుండా చెప్పండి.

పాదం పైకెత్తలేకపోతే, మూత్రం పట్టు తప్పినా ఆగిపోయినా, మర్మాంగాల చుట్టూ మొద్దుబారినా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. అది మందులతో చూస్తూ కూర్చునే వ్యవహారం కాదు.

ఆకుపసరు
ఉత్తుత్తి మాత్రతో సమానమైన మందును ఇంతమందికి ఎందుకు రాస్తున్నారు? కమీషన్ కాకపోతే మరేమిటి?

ఎండీ_చదువుతున్నాను
సయాటికాకు ఉత్తుత్తి మాత్రతో సమానం. షుగరు మంటకు, అక్కి తర్వాతి నొప్పికి కాదు. అమెరికాలో ప్రెగాబాలిన్‌కు 2004లో మొదట అనుమతి ఇచ్చింది ఆ రెండింటికే. అయినా మీ అనుమానంలో కొంత నిజముంది, అతిగా రాస్తున్నారు.

అంకెలు కావాలంటే ఇవిగో. 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ కలిపి లెక్కకట్టారు. ఒక్కరికి చెప్పుకోదగ్గ ఉపశమనం, అంటే నొప్పి దాదాపు సగం తగ్గాలంటే, ఎంతమందికి మందు ఇవ్వాలి? ప్రెగాబాలిన్ అయితే 7.7 మందికి. గాబాపెంటిన్ 7.2. డ్యులోక్సెటిన్ లాంటివి 6.4. అమిట్రిప్టిలిన్ లాంటి పాతవి 3.6. పాత మందుల పరీక్షలు చిన్నవి, కాబట్టి ఆ చివరి అంకెను కాస్త అనుమానంగానే చూడాలి. ఏది చూసినా అర్థమయ్యేది ఒకటే, ఎక్కువమందికి అద్భుతం జరగదు. ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పలేం. వేసి చూడాలి, పనిచేయకపోతే ఆపాలి. మన దగ్గర ఆ రెండో సగం జరగదు, మొదలుపెట్టిన మాత్ర జీవితాంతం చీటీలో ఉండిపోతుంది.

గుంతకల్_జంక్షన్
ఆ చివరి వాక్యం మా వార్డులో గోడ మీద రాయించాలి.

ఓర్వకల్లు_రాళ్లు
అక్కి ప్రస్తావన వచ్చింది కాబట్టి. మా అత్తమ్మకు పక్కటెముకల మీద బెల్టులా పొక్కులు లేచాయి. ఆసుపత్రికి అంటే వినలేదు. కుమ్మరాయనను పిలిపించి జాజుతో సింహం బొమ్మ రాయించుకున్నారు. పొక్కులు మాడిపోయాయి, అందరూ సంతోషించారు. తర్వాత అసలు నరకం మొదలైంది. రవికె ఆ చోట ఆనితే అరిచేవారు. నెలల తరబడి ఒక భుజం మీద తువ్వాలు మాత్రమే వేసుకుని గదిలో ఉండిపోయారు. గాబాపెంటిన్ ఇచ్చాక మనుషుల్లోకి వచ్చారు. ఆ మత్తు సంగతి నాకు తెలుసు, అయినా ఆవిడకు ఆ మందు లేకపోతే ఏమయ్యేదో. మందులన్నీ విషమనేవాళ్లు ఆ తువ్వాలును చూసి మాట్లాడాలి.

ఆకుపసరు
నేను మీ అత్తమ్మ గురించి అనలేదమ్మా. జాజు రాయిస్తే పొక్కులు తగ్గాయి కదా, అది మాత్రం ఒప్పుకోండి.

ఓర్వకల్లు_రాళ్లు
రాయించకపోయినా తగ్గేవి. రెండు మూడు వారాల్లో వాటంతటవే మాడతాయట.

ఎండీ_చదువుతున్నాను
అవును. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు అసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితే పొక్కులు త్వరగా మాడతాయి, అప్పటి నొప్పి తగ్గుతుంది. జాజు రాయించుకోవాలనుకుంటే రాయించుకోండి, ఆ మూడు రోజులు మాత్రం దాటనివ్వకండి. కంటి దగ్గర పొక్కులు వస్తే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. యాభై దాటినవారికి అక్కి రాకుండా టీకా కూడా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, ఖరీదు ఎక్కువే.

పాలకొండ_గాలి
ముఖం నరం నొప్పి ఎవరికైనా ఉందా ఇక్కడ? నాది కడప. కుడి చెంప. పళ్లు తోముకున్నా, అన్నం నమిలినా, ఫ్యాను గాలి తగిలినా ఒక్క మెరుపు. కొన్ని క్షణాలే, కానీ మనిషి వంగిపోతుంది. పంటి నొప్పి అని ఒక డాక్టరు రెండు మంచి దవడ పళ్లు పీకేశారు. తర్వాత మరొకరు గుర్తుపట్టి కార్బమజెపిన్ ఇచ్చారు. దెబ్బకు తగ్గింది. మత్తు ఉంది, నడకలో తడబాటు ఉంది, అయినా నేను దీన్ని వదలను. ప్రెగాబాలిన్‌తో మీరంతా పడుతున్న ఊగిసలాట నాకు లేదు. నా నొప్పి అలాంటిది.

ఎండీ_చదువుతున్నాను
ఆ జబ్బుకు 1960ల నుంచి ఇస్తున్నది కార్బమజెపినే, మొదటి వరుస మందు. మీకు మూడు జాగ్రత్తలు. సోడియం, రక్తకణాలు, లివరు అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలి. ఒంటి మీద దద్దురు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది, ప్రాణం మీదకు తెస్తుంది. ఇక ఈ మందు చాలా మందులతో పేచీ పెట్టుకుంటుంది, గర్భనిరోధక మాత్రల పనితనాన్ని కూడా తగ్గిస్తుంది. కొత్త మందు ఏది రాసినా ఇది వాడుతున్నానని చెప్పాలి.

పాలకొండ_గాలి
సోడియం ఒకసారి బాగా పడిపోయింది. ఉప్పు మానేసిన రోజులవి, బీపీ అని. రెండూ కలిసి మంచాన పడేశాయి.

రాయదుర్గం_కుట్టుమిషన్
జీన్స్ కుడతాను. రాత్రి బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. నాకూ ప్రెగాబాలిన్ రాశారు. మిషన్ మీద కునికిపాట్లు పడి సూది వేలిలో దిగింది. అనంతపురంలో మరో డాక్టరు నరాల పరీక్ష చేయించి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందని చెప్పి రాత్రి కట్టుకునే పట్టీ ఇచ్చారు. మణికట్టు వంగకుండా ఉంచుతుంది. మాత్ర మానిపించారు. చాలా నయం. నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో చూడకుండా మాత్ర రాస్తే ఇంతే.

తాడిపత్రి_బండలు
మా షెడ్డులో సగం మందికి ఇదే చీటీ. ఏ నొప్పి చెప్పినా అదే గొట్టం మాత్ర.

మెడికల్‌షాపు_ప్రొద్దుటూరు
షెడ్డు అంటే గుర్తొచ్చింది. దుమ్ము పీల్చి ఆయాసం ఉన్నవారు, రాత్రి మద్యం తాగేవారు, నిద్రమాత్రలు లేదా ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వాడేవారు ఈ గొట్టం మాత్రతో జాగ్రత్త. కలిస్తే ఊపిరి మందగిస్తుంది. 2019 డిసెంబరులో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ రెండింటి మీదా ఈ హెచ్చరికే ఇచ్చింది, పెద్ద వయసువారిని ప్రత్యేకంగా చెప్పింది. ట్రమడాల్ చీటీ లేకుండా ఇవ్వమని రోజూ తగాదా. 2018 నుంచి అది మత్తుపదార్థాలను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వచ్చింది, లెక్క చెప్పాలి మేము. ప్రెగాబాలిన్‌ను కూడా కుర్రాళ్లు చీటీ లేకుండా అడుగుతున్నారు, ఎందుకో అడగనక్కర్లేదు.

ఇంకొకటి. గాబాపెంటిన్ వాడేవారు గ్యాస్ సిరప్ దాంతోపాటు తాగకండి, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్నవి. మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. సిరప్ తాగిన రెండు గంటల తర్వాత మాత్ర వేసుకోండి.

గుంతకల్_జంక్షన్
తుంగభద్ర గారూ, మీ నాయనకు అమిట్రిప్టిలిన్ 10 రాత్రికి ఇవ్వవచ్చేమో అడగండి. మా తమ్ముడికి బాగా పడింది, ధర కూడా తక్కువ. ఇంటర్నెట్లో చూసి "ఇది మానసిక రోగులకిచ్చేది, నాకెందుకు" అని మొదట పారేయబోయాడు. తక్కువ మోతాదులో నరాల నొప్పికి ఇస్తారని డాక్టరు నచ్చజెప్పారు.

ఎండీ_చదువుతున్నాను
అడగవచ్చు, కానీ 68 ఏళ్ల మగవారు. ప్రోస్టేటు ఉంటే మూత్రం బిగుస్తుంది. కొన్ని రకాల నీటికాసులకు పనికిరాదు. గుండె లయలో తేడా ఉంటే వద్దు, ముందు ఈసీజీ తీయాలి. అది కూడా తూలిస్తుంది. బ్రిటన్‌లో షుగరు నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రెగాబాలిన్ మూడింటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూశారు, 2022లో లాన్సెట్‌లో వచ్చింది. నొప్పి తగ్గించడంలో మూడూ దాదాపు సమానం. తేడా దుష్ప్రభావాల్లోనే: ప్రెగాబాలిన్‌కు తల తిరగడం, డ్యులోక్సెటిన్‌కు వికారం, అమిట్రిప్టిలిన్‌కు నోరెండడం. కాబట్టి ఏ మందు గొప్పది అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఆ మనిషి దేన్ని భరించగలడు, దేన్ని భరించకూడదు అని చూడాలి. మీ నాయన ఎముక విరిగితే మంట గుర్తుకే రాదు.

ఆకుపసరు
మిరపకాయ మందు సంగతి ఎవరూ చెప్పలేదు. కారంతో నొప్పి పోతుందని పేపర్లో చదివాను. అది మాత్రం ప్రకృతి వైద్యమే కదా.

ఉగ్గాని_బజ్జి
ఇన్నాళ్లూ బజ్జి తింటూ వైద్యం చేసుకుంటున్నానని నాకు తెలియదు.

ఎండీ_చదువుతున్నాను
నిజమే, మిరపలోని క్యాప్సైసిన్‌తో పూత, పట్టీ ఉన్నాయి. చర్మంలోని నరాల కొసలను మొదట మండించి తర్వాత మొద్దుబరుస్తుంది. ఆ కారం తగిలే గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది కూడా. ఘాటైన పట్టీ ఆసుపత్రిలోనే వేస్తారు. దయచేసి ఎవరూ ఇంట్లో కారం నూరి అరికాళ్లకు పూయకండి. పుండు పడితే వేలు తీసేయాల్సి వస్తుంది.

తుంగభద్ర_తీరం
అందరికీ చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. మూడు కవర్లూ ఒక్క సంచిలో వేసుకుని వెళ్లాం. ఈసారి ప్రైవేటుకు కాదు, సర్వజన ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి. పొద్దున్నే వెళితే వరుసలో ఎండెక్కింది, కానీ చూసిన ఆవిడ మూడు చీటీలూ బల్ల మీద పరిచి చదివారు. క్రియాటినిన్ ఇప్పుడు 1.7. బి12 బాగా తక్కువ. పయోగ్లిటజోన్ తీసేశారు, మెట్‌ఫార్మిన్ తగ్గించారు, షుగరుకు వేరే మాత్ర ఇచ్చారు. బి12 సూదులు రాశారు. గుండె స్కానింగు తీశారు, బాగానే ఉందన్నారు. ప్రెగాబాలిన్ పొద్దుటిది మాన్పించి రాత్రికి మాత్రం 75 ఉంచారు. అవసరమైతే 50కి దిగుదామన్నారు.

వాపు సగానికి దిగింది. తూలు చాలా తగ్గింది, పెరట్లోకి తనంతట తాను వెళ్తున్నారు, చేతికర్ర ఇస్తే మాత్రం విసిరేస్తున్నారు. మంట కొంచెం తిరిగి వచ్చింది. తెల్లవారుజామున లేచి కూర్చుంటున్నారు. అమ్మ నాతో మాట్లాడటం లేదు.

గుంతకల్_జంక్షన్
అమ్మగారికి కోపం న్యాయమే. ఆవిడ నిద్ర కూడా లెక్కలోకి రావాలి. రాత్రి మాత్ర పడుకునే వేళకు కాకుండా గంట రెండు గంటలు ముందు వేయించి చూడండి, పొద్దుటి మత్తు తగ్గుతుంది. నాకు అలా కుదిరింది. ముందు డాక్టరును అడగండి.

ఆకుపసరు
బి12 తక్కువని తేలింది కదా. నేను మొదటి నుంచీ అదే చెబుతున్నాను, ఒంట్లో లోపం చూడాలి, మందు కాదని.

మెడికల్‌షాపు_ప్రొద్దుటూరు
మీరు మొదటి నుంచీ చెప్పింది వెల్లుల్లి.

తాడిపత్రి_బండలు
నేను సోమవారం వెళ్తున్నాను. పాత ఎమ్మారై ఉంది. వేసుకునే మాత్రలన్నీ అట్టలతో సహా తీసుకెళ్లాలా, చీటీ చాలా? చీటీ మీద రాత నాకు రాదు, వాళ్లకూ రావడం లేదు.

ఎండీ_చదువుతున్నాను
అట్టలే తెండి. బీడీ, మద్యం, నిద్రమాత్ర అలవాట్లు ఉంటే దాచకండి, ఆయాసం ఉందా లేదా చెప్పండి. యంత్రం సంగతి మొదటి మాటగా చెప్పండి.

మెడికల్‌షాపు_ప్రొద్దుటూరు
అట్టలో మాత్రలు కత్తిరించి వాడేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న కొస చివరిదాకా ఉంచుకోండి. అందరూ ముందు ఆ కొసే కత్తిరిస్తారు. మిగిలిన వెండి ముక్క చూపించి "ఇదే మాత్ర ఇవ్వండి" అంటే మేమూ చెప్పలేం, డాక్టరూ చెప్పలేరు.